మానేరు వెంట మూడు రాజధానులు: వేములవాడ నుంచి కరీంనగర్ దాకా ఒక రోజు ప్రయాణం

కరీంనగర్‌లో వలీమాకో, సిరిసిల్లలో చుట్టాల ఇంటికో వచ్చే కుటుంబాలు వేములవాడ – కరీంనగర్ రోడ్డు మీద ఎన్నిసార్లు తిరిగి ఉంటాయో లెక్క లేదు. దూరం సుమారు 35 కిలోమీటర్లు. కారులో గంట కూడా పట్టదు. ఆ గంటలో కిటికీ లోంచి గుట్టలు కనబడతాయి, పెద్ద చెరువు లాంటి నీళ్ళు కనబడతాయి, తాటిచెట్ల వెనక ఒక కోట గోడ కనబడుతుంది. అవేమిటో పిల్లలు అడిగితే చెప్పగలిగే పెద్దలు తక్కువ. రోడ్డు పక్కన చెప్పే బోర్డులు ఇంకా తక్కువ.

ఈ చిన్న దారి మీద మూడు పాత రాజధానులు ఉన్నాయి. వెయ్యేళ్ళ కింద ఈ ప్రాంతాన్ని ఏలిన ఊరు వేములవాడ. సుల్తానుల కాలం నుంచి నిజాం రోజుల దాకా పేరు ఎల్గందల్‌ది. ఆ తర్వాత కరీంనగర్. అధికారం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మానేరు నది వెంటే కిందికి జరుగుతూ వచ్చింది. జరిగిన ప్రతిసారీ వెనక కొన్ని వదిలేసింది. ఒక చోట బండ మీద పద్యాలు, ఇంకో చోట మినార్లు. గత పదేళ్ళలో అయితే ఏకంగా ఊళ్ళే నీళ్ళ కిందికి పోయాయి.

ఒక రోజు చేతిలో ఉంటే వీటిలో ముఖ్యమైనవి చూసి రావచ్చు. కాకపోతే పొద్దున్నే బయలుదేరాలి.

నది ఎక్కడ, వాగు ఎక్కడ

చాలామంది వేములవాడ మానేరు ఒడ్డున ఉందనుకుంటారు. ఊరి పక్కన పారేది మూలవాగు. అది వేములవాడ దాటి కిందికి పోయి మానేరులో కలుస్తుంది. మానేరు సిరిసిల్ల వైపు నుంచి వస్తుంది. పైన గంభీరావుపేట మండలం నర్మాల దగ్గర ఎగువ మానేరు ప్రాజెక్టు ఉంది. అది నిజాం పాలన చివరి రోజుల్లో మొదలైన కట్టడం. సామర్థ్యం 2 టీఎంసీల చుట్టుపక్కలే, ఇప్పటి లెక్కల్లో చిన్నది. మూలవాగు, మానేరు కలిసే చోటికి కాస్త దిగువన బోయినపల్లి మండలం మాన్వాడ దగ్గర మధ్య మానేరు కట్టారు. కరీంనగర్ ఊరిని ఆనుకుని దిగువ మానేరు, అందరి నోట్లో నలిగిన పేరు ఎల్ఎండీ. ఆ తర్వాత నది పెద్దపల్లి జిల్లా మీదుగా సాగి మంథని ప్రాంతంలో గోదావరిలో కలిసిపోతుంది.

ఒకే ఏటి మీద మూడు డ్యాములు. కాబట్టి ఇప్పుడు ఈ లోయలో పారే నది కంటే నిలిచిన నీళ్ళే ఎక్కువ కనిపిస్తాయి. పాత ఊళ్ళు ఎందుకు అక్కడ వెలిశాయో అర్థం కావాలంటే, ఈ నీళ్ళు లేకుండా ఇసుక మధ్య ఒక పాయగా పారే ఏరును మనసులో ఊహించుకోవాలి.

వేములవాడ: గుడి ఆవరణలో దర్గా

శాసనాల్లో ఈ ఊరి పేరు లేంబులవాడ, లేంబులపాటక అని కనిపిస్తుంది. రాష్ట్రకూటులకు సామంతులుగా ఉన్న చాళుక్యుల శాఖ ఒకటి 8వ శతాబ్దం నుంచి 10వ శతాబ్దం దాకా ఈ ప్రాంతాన్ని ఏలింది. వాళ్ళను చరిత్ర పుస్తకాలు వేములవాడ చాళుక్యులనే పిలుస్తాయి. వాళ్ళలో రెండో అరికేసరి దగ్గర పంపకవి ఉండేవాడు. కన్నడంలో ఆదికవి అంటే ఆయనే. 941లో విక్రమార్జున విజయం, ఆదిపురాణం రాశాడు. బెంగళూరులో, ధార్వాడలో పాఠ్యపుస్తకాల్లో పేరున్న కవికి అన్నం పెట్టింది ఇక్కడి దర్బారు అనే సంగతి వేములవాడ బస్టాండులో అడిగితే ఎందరికి తెలుస్తుందో.

ఆ రాజులు శివాలయాలు కట్టించారు, జైన బసదులకూ దానాలిచ్చారు. జైన పండితుడు సోమదేవసూరికి ఇక్కడ ఒక జినాలయం కట్టించి ఇచ్చినట్టు 966 నాటి పర్భణి తామ్ర శాసనం చెబుతోంది. ఇప్పుడు వేములవాడ అంటే రాజన్న గుడి. శివరాత్రికి లక్షల్లో జనం వస్తారు. కోడెను కట్టే మొక్కు ఇక్కడి ప్రత్యేకత. అదే ఊళ్ళో ఉన్న భీమేశ్వరాలయం బద్దెగ అనే చాళుక్య రాజు కట్టించినది. రాతి పని చూడాలనుకునే వాళ్ళకు పెద్ద గుడి కంటే ఇదే ఎక్కువ చూపిస్తుంది.

ముస్లిం కుటుంబాలకు వేములవాడ తెలిసింది వేరే కారణంతో. రాజరాజేశ్వరస్వామి ఆలయ ఆవరణ లోపలే ఒక దర్గా ఉంది. ఖ్వాజా బాగ్ సవార్ పేరు మీద ఉన్న ఈ దర్గాకు గుడికి వచ్చిన హిందూ భక్తులు కూడా వెళ్ళి మొక్కుకుంటారు. ఒక ముస్లిం భక్తుడు ఇక్కడే ఉండిపోయి ఇక్కడే కన్నుమూశాడని స్థానికంగా చెప్పుకుంటారు. ఈ కథకు కాగితాల సాక్ష్యం అడగడం కంటే, ఇన్ని తరాలుగా అదే ఆవరణలో రెండు రకాల మొక్కులు ఎవరి పద్ధతిలో వాళ్ళు తీర్చుకుంటున్నారన్న సంగతి చూడటం మేలు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ తెలిసిన వాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. పీర్లను ఎత్తుకునేది ఎవరు, ఊదు వేసేది ఎవరు అని ఎవరూ అడగరు.

ఒక మాట. గుడి విస్తరణ పనులు చేపట్టినందువల్ల లోపలికి వెళ్ళే దారులు, దర్శనాల ఏర్పాట్లు మారుతూ ఉంటాయి. వెళ్ళే ముందు ఊళ్ళో ఒకసారి అడిగి తెలుసుకోండి. సోమవారం, శివరాత్రి, సెలవు రోజులైతే పార్కింగ్ దొరకడమే కష్టం. శుక్రవారం బయలుదేరితే జుమా నమాజు కరీంనగర్‌లో చదువుకునేట్టు లెక్క వేసుకుంటే సరిపోతుంది.

నాంపల్లి గుట్ట మీద నుంచి

వేములవాడ దాటి కరీంనగర్ దారి పట్టిన కొద్దిసేపటికే నాంపల్లి గుట్ట వస్తుంది. పైన నరసింహస్వామి గుడి ఉంది. గుట్ట మీద పెద్ద పాము ఆకారంలో కట్టిన కట్టడం పిల్లలకు నచ్చుతుంది. గుట్ట ఎక్కాల్సింది మాత్రం మధ్య మానేరు నీళ్ళ కోసం.

అధికారికంగా దీని పేరు శ్రీ రాజరాజేశ్వర జలాశయం. సామర్థ్యం 25.87 టీఎంసీలు. 2016 సెప్టెంబరు వరదల్లో ఇంకా పూర్తి కాని కట్ట తెగింది. అప్పుడు దిగువ ఊళ్ళ జనాన్ని రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. 2018లో మొదటిసారి పెద్ద మొత్తంలో నీళ్ళు నిలిపారు. ఆ తర్వాత కాళేశ్వరం నుంచి ఎత్తిపోసే నీళ్ళకు ఇది ముఖ్యమైన మజిలీ అయింది.

చింతల్‌ఠాణా, కొదురుపాక, అనుపురం, వరదవెల్లి. ఇవి కొన్ని పేర్లు మాత్రమే. ఇలాంటి ఊళ్ళు ఇంకా ఉన్నాయి. ఈ ఊళ్ళ జనం పునరావాస కాలనీలకు తరలిపోయారు. పాత ఊరి పేరుతోనే కొత్త కాలనీ ఉంటుంది. ఊరు ఉన్నట్టే ఉంటుంది కానీ అది ఆ ఊరు కాదు. పరిహారం లెక్కలో ఇంటికి ఒక ధర కడతారు, పొలానికి ఒక ధర, చెట్టుకు ఒక ధర, బావికి ఒక ధర. కామర్స్ పుస్తకాల్లో ఆస్తుల పట్టిక వేసినట్టే. ఆ పట్టికలో ఖబ్రస్తాన్‌కు ఏ గడి ఉంటుంది? మసీదును, గుడిని, పీర్ల చావడిని కొత్త కాలనీలో మళ్ళీ కట్టుకోవచ్చు. తాతల సమాధులు మాత్రం ఉన్న చోటే ఉంటాయి. నీళ్ళు బాగా తగ్గిన వేసవిలో పాత గోడలు, రోడ్లు బయటపడతాయి. అప్పుడు జనం వెళ్ళి తమ ఇల్లు ఇక్కడ, బడి అక్కడ అని పిల్లలకు చూపించి వస్తుంటారు.

ఈ నీళ్ళను చారిత్రక స్థలాల జాబితాలో చేర్చడం కొందరికి వింతగా అనిపించవచ్చు. ఎల్గందల్ ఖాళీ కావడం చరిత్ర అయితే, ఇదీ చరిత్రే. చూసిన వాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, అంతే తేడా.

కురిక్యాల: బొమ్మలగుట్ట

ఇక్కడి నుంచి గంగాధర మండలం వైపు తిరిగితే కురిక్యాల వస్తుంది. రోజు మొత్తంలో పక్కదారి పట్టించేది ఇదొక్కటే. సమయం లేకపోతే ఏదైనా మానేయండి, దీన్ని మాత్రం మానేయకండి.

ఊరి దగ్గర గుట్ట మీద బండకు జైన తీర్థంకరుల బొమ్మలు, చక్రేశ్వరి దేవి బొమ్మ చెక్కి ఉన్నాయి. అందుకే జనం బొమ్మలగుట్ట, బొమ్మలమ్మ గుట్ట అంటారు. శాసనంలో దీని పేరు వృషభగిరి. బొమ్మల కింద శాసనం చెక్కించిన వాడు జినవల్లభుడు, వేములవాడలో ఉన్న పంపకవికి సొంత తమ్ముడు. కాలం సుమారు 945. శాసనం మూడు భాషల్లో ఉంది: సంస్కృతం, కన్నడం, తెలుగు. తెలుగు భాగం కంద పద్యాల్లో ఉంది. తెలుగులో దొరికిన తొలి కంద పద్యాలు ఇవేనని పరిశోధకులు చెబుతారు. నన్నయ భారతం మొదలుపెట్టింది 11వ శతాబ్దంలో. అంటే దానికి సుమారు వందేళ్ళ ముందే ఈ గుట్ట మీద ఛందస్సు తప్పకుండా తెలుగు పద్యం ఉంది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు ఈ బండ పేరు మళ్ళీ వినబడింది.

జినవల్లభుడు ఇక్కడ త్రిభువన తిలకం అనే బసది, అన్న బిరుదు మీద కవితాగుణార్ణవం అనే చెరువు, మదనవిలాసం అనే తోట ఏర్పాటు చేశాడని శాసనం చెబుతుంది. బసది లేదు, తోట లేదు. బండ ఉంది. ఆ బండకూ ముప్పు లేకపోలేదు. కరీంనగర్ జిల్లా గ్రానైట్‌కు పేరున్న జిల్లా, చుట్టుపక్కల గుట్టలు ఒక్కొక్కటే కరిగిపోతున్నాయి. బొమ్మలగుట్టను క్వారీల నుంచి కాపాడాలని చరిత్రకారులు, స్థానికులు చాలాసార్లు గొంతెత్తాల్సి వచ్చింది. గ్రానైట్ బ్లాకుకు మార్కెట్‌లో టన్ను లెక్కన ధర ఉంటుంది. తొలి కంద పద్యం ఉన్న బండకు ఏ ధర వేస్తారు?

ఈ అన్నదమ్ముల కథలో ఇంకో సంగతి ఉంది. ఒకడు కన్నడంలో మహాకావ్యం రాశాడు, ఇంకొకడు తెలుగు పద్యం చెక్కించాడు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, చదువులో ఇంకో భాషగా బతికే కుటుంబాలకు ఇది కొత్త విషయం కాదు. ఇంట్లో అమ్మతో ఉర్దూలో, బడిలో పంతులుతో తెలుగులో మాట్లాడే పిల్లవాడికి జినవల్లభుడు తొందరగానే అర్థమవుతాడు.

గుట్ట ఎక్కడానికి మంచి చెప్పులు వేసుకోండి. ఎండాకాలం తొమ్మిదిలోపే ఎక్కి దిగడం నయం. పద్యాలను తడిమి చూడాలని, సుద్ద పూసి ఫొటో తీయాలని చాలామందికి ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి.

ఎల్గందల్: ఊగే మినార్

కరీంనగర్ దగ్గరపడుతుండగా కామారెడ్డి రోడ్డు నుంచి ఎల్గందల్ వైపు తిరగాలి. కరీంనగర్ నుంచి అయితే పది, పన్నెండు కిలోమీటర్లు. మానేరు ఒడ్డున తాటివనాల మధ్య గుట్ట, గుట్ట చుట్టూ కోట.

కోట మొదట ఎవరు కట్టారన్నది కాకతీయుల కాలం దాకా వెనక్కి పోతుంది. వెలిగందుల, బహుధాన్యపురం అనే పాత పేర్లు కూడా ఉన్నాయి. ముసునూరి నాయకులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొఘలులు, చివరికి ఆసఫ్‌జాహీలు, ఎవరు వచ్చినా ఈ గుట్టను వదల్లేదు. ఏటి మీద రాకపోకలను కనిపెట్టడానికి ఇంతకంటే మంచి చోటు ఈ లోయలో లేదు. పైకి ఎక్కి చుట్టూ చూస్తే ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. రెవెన్యూ లెక్కల్లో ఇది సర్కార్ ఎల్గందల్. అంటే ఈ చుట్టుపక్కల పరగణాల పన్ను లెక్కలన్నీ ఈ ఊరి పేరు మీదే రాసేవారు.

కోట చుట్టూ కందకం ఉంది. అందులో నీళ్ళు నింపి మొసళ్ళను వదిలేవారని చెబుతారు. ఇక్కడి నుంచి మానకొండూరు దాకా సొరంగం ఉందని ఇంకో కథ. తెలంగాణలో సొరంగం కథ లేని కోట లేదు కాబట్టి పిల్లలకు చెప్పి నవ్వించడానికి పనికొస్తుంది. పైన మసీదు ఉంది, నరసింహస్వామి గుడి ఉంది. ఎక్కే మెట్లు కొన్నిచోట్ల అరిగిపోయి జారుతాయి.

18వ శతాబ్దంలో ఈ కోటకు మళ్ళీ వైభవం తెచ్చిన పేరు జఫరుద్దౌలా. నిర్మల్ నవాబుగా పేరున్న మీర్జా ఇబ్రహీం ఖాన్ ఈయనే. జగిత్యాల కోటను 1747లో ఫ్రెంచి ఇంజనీర్ల చేత కట్టించింది కూడా ఈయనేనని పాత గెజిటీర్లు రాశాయి. ఎల్గందల్ కోటను 1754లో ఈయన బాగు చేయించాడని, లోపలి మసీదు మినార్‌ను ఊపితే కదులుతుందని కూడా అవే గెజిటీర్లలో ఉంది. ఊగే మినార్లు వేరే చోట్లా ఉన్నాయి, అహ్మదాబాద్‌వి అందరికీ తెలిసినవి. ఇక్కడి మినార్‌ను ఇప్పుడు ఎవరూ ఊపి చూడకపోవడమే మంచిది. దాదాపు 270 ఏళ్ళు నిలబడిన కట్టడం, మన చేతుల మీదుగా పడిపోయిందన్న పేరు ఎందుకు?

కోట బయట రెండు మినార్ల ఈద్గా ఉంది, దో మినార్ అంటారు. ఆలంగీర్ మసీదు పేరు మీద ఔరంగజేబు కాలం గుర్తు ఒకటి మిగిలింది. కోటలో, చుట్టుపక్కల దర్గాలు ఉన్నాయి: సయ్యద్ షా మునవ్వర్ ఖాద్రీ సాహెబ్, దూలా షా సాహెబ్, సయ్యద్ మారూఫ్ సాహెబ్, షా తాలిబ్ బిస్మిల్లా సాహెబ్, వలీ హైదర్ సాహెబ్. మొహర్రం నెలలో ఇక్కడ జెండాలు ఎత్తుతారు. ఫాతెహా చదవడానికి వచ్చే కుటుంబాలు చాలావరకు దర్గా దాకా వచ్చి తిరిగిపోతాయి, కోట ఎక్కవు. కోట చూడటానికి వచ్చే కాలేజీ పిల్లలు దర్గా వైపు వెళ్ళరు. రెండూ ఒకే ఊరి కథ అని చెప్పే మనిషి గేటు దగ్గర ఒక్కరు ఉంటే బాగుండు.

కోట నుంచి ఊరి వైపు చూస్తే ఇది ఒకప్పుడు జిల్లా పేరు మోసిన ఊరు అని నమ్మడం కష్టం. కరీంనగర్ జిల్లాకు అంతకు ముందు పేరు ఎల్గందల్ జిల్లానే. 1905లో, మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, జిల్లాల హద్దులు మార్చినప్పుడు ఆ పేరు కూడా పోయింది. గుట్ట మీది ఖిల్లా యుద్ధానికి పనికొస్తుంది. కచేరీకి, కోర్టుకి, బజారుకి చదునైన నేల కావాలి, బండ్లు తిరిగే రోడ్డు కావాలి. యుద్ధాలు అయిపోయాక ఎల్గందల్‌కు పని లేకుండా పోయింది. గుమాస్తాలు, వకీళ్ళు, షావుకార్లు ఒక్కొక్కరే కరీంనగర్ దారి పట్టారు. కంసాలులు కూడా వెళ్ళిపోయారు. వాళ్ళ కథ కింద ఉంది.

చూడటానికి రెండు గంటలు కావాలి. తాగే నీళ్ళు మీరే తెచ్చుకోండి. ముసలివాళ్ళు, చిన్నపిల్లలు కింది ద్వారాల దాకా చూసి ఆగిపోయినా నష్టం లేదు. పొద్దు గూకక ముందే దిగండి. పొదల్లో పాముల భయం ఉంటుంది.

కరీంనగర్: వెండి తీగ

ఊరికి పేరు ఎలా వచ్చిందన్న దాని మీద రెండు మాటలు ఉన్నాయి. ఎల్గందల్ ఖిల్లాదార్‌గా చేసిన కరీముద్దీన్ పేరు మీద వచ్చిందని ఒకటి. ఈ ఊళ్ళోనే దర్గా ఉన్న సయ్యద్ కరీముల్లా షా ఖాద్రీ సాహెబ్ పేరు మీద వచ్చిందని ఇంకొకటి. దర్గాకు వెళ్ళే వాళ్ళు రెండోదే చెబుతారు, పుస్తకాలు ఎక్కువగా మొదటిది రాస్తాయి.

కరీంనగర్ ఫిలిగ్రీ పేరు దేశమంతా తెలుసు. ఈ పని పుట్టింది కరీంనగర్‌లో కాదు, ఎల్గందల్‌లో. అక్కడి కంసాలులు వెండిని సన్నని తీగలుగా లాగి, మెలిపెట్టి, అల్లిక లాంటి పని చేసేవారు. మొదట లావు తీగతో ఆకు, పువ్వు, నెమలి లాంటి ఆకారం కడతారు. దాని లోపలి ఖాళీని వెంట్రుక లాంటి తీగలతో నింపుతారు. తర్వాత టంకం పెట్టి వేడి చేస్తే అంతా ఒకే ముక్కగా అతుక్కుంటుంది. దూరం నుంచి చూస్తే వెండితో అల్లిన లేసులా ఉంటుంది. నవాబుల ఇళ్ళకు ఇత్ర్‌దాన్లు, పాన్‌దాన్లు, గులాబ్‌పాష్‌లు ఇక్కడి నుంచే వెళ్ళేవి. మన ఇళ్ళలో నానీ పెట్టెలో ఇప్పటికీ అలాంటిది ఒకటి దొరికితే అది కరీంనగర్ పనేమో చూడండి. కొనే వాళ్ళు ఎక్కడ ఉంటే పనివాళ్ళు అక్కడికి పోతారు. కచేరీలతో పాటే వాళ్ళూ కరీంనగర్ చేరారు.

2007లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. బిల్లులో వెండి తూకం ధర ఒకటి, మజూరీ ఒకటి. వెండి రేటు పెరిగినప్పుడు వస్తువు మొత్తం ధర పెరుగుతుంది, పనివాడి చేతికి వచ్చేది మాత్రం అంతే ఉంటుంది. బేరం ఆడేటప్పుడు మనం కోసేది వెండి ధర కాదు, మజూరీనే. చిన్న కుంకుమ భరిణె, నగల డబ్బీ కూడా రోజుల పని. పిల్లలకు ఈ చేతిపని నేర్పడానికి ఇళ్ళలో ఎందుకు వెనకాడుతున్నారో ఆ మజూరీ చూస్తే తెలుస్తుంది.

దిగువ మానేరు కట్ట కరీంనగర్ వాళ్ళకు సాయంత్రపు షికారు. 1974 నుంచి 1985 మధ్య కట్టారు, సుమారు 24 టీఎంసీల నీళ్ళు పడతాయి. ఎల్గందల్ వైపు దాకా ఈ నీళ్ళ అంచు పోతుంది. అంటే ఎల్గందల్ కింద పారిన మానేరు కూడా ఇప్పుడు సగం జలాశయమే. కట్టకు దిగువన 2023లో తెరిచిన తీగల వంతెన దగ్గర జనం సెల్ఫీల కోసం ఆగుతారు. పిల్లలు పట్టుబడితే తప్పదు. మక్క కంకులు కొనిపెట్టి ముందుకు కదలండి.

కరీంనగర్ నుంచి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో నగునూరు ఉంది. వేములవాడ చాళుక్యుల తర్వాత, ఎల్గందల్‌కు ముందు ఈ ప్రాంతంలో పెద్ద ఊరు అది. కాకతీయుల కాలపు గుళ్ళ శిథిలాలు ఊరంతా చెల్లాచెదురుగా పడి ఉంటాయి. త్రికూటాలయం ఒకటి చూడదగ్గది. నల్లరాతి స్తంభాల చెక్కడం వరంగల్‌ను గుర్తుకు తెస్తుంది. అరగంట సరిపోతుంది.

రెండో రోజు ఉన్నవాళ్ళకు

మానేరుతో పాటే కిందికి పోదామనుకుంటే దారి పెద్దపల్లి జిల్లా వైపు. ఎలిగేడు మండలం ధూళికట్టలో హుస్సేన్‌మియా వాగు ఒడ్డున బౌద్ధ స్తూపం ఉంది. శాతవాహనుల కాలం నాటిది. 1970లలో తవ్వకాలు జరిగాయి. బుద్ధుడికి పడగ పట్టిన ముచిలింద నాగుపాము శిల్పం ఇక్కడ దొరికింది. రెండు వేల ఏళ్ళ స్తూపం పక్కన పారే వాగుకు హుస్సేన్‌మియా పేరు ఉండటం ఎవరికీ వింతగా అనిపించదు. ఆ వాగు నీళ్ళతో పొలం పారించుకునే వాళ్ళకు అయితే అది వాగు పేరు, అంతే.

ఇంకా ముందుకు పోతే బేగంపేట దగ్గర రామగిరి ఖిల్లా. ఇది ఎల్గందల్ కంటే ఎత్తైన గుట్ట, పెద్ద కోట. ఎక్కడానికి సగం రోజు పడుతుంది. అడవి మూలికలకు ఈ గుట్ట పేరున్నది. ఒంటరిగా వెళ్ళకూడదు. వానాకాలం పచ్చగా ఉంటుంది కానీ రాళ్ళు జారతాయి. అక్టోబరు నుంచి జనవరి దాకా మంచి కాలం.

కుటుంబంతో బయలుదేరే వాళ్ళు మొదటి రోజును ఇలా పెట్టుకోవచ్చు. ఎండాకాలం అయితే ఫజర్ కాగానే నేరుగా కురిక్యాలకు వెళ్ళి, ఎండ ముదిరేలోపు గుట్ట దిగి, తర్వాత వేములవాడకు రండి. మిగతా కాలంలో పొద్దున ఏడింటికి వేములవాడ, తొమ్మిదింటికి నాంపల్లి గుట్ట, పది, పదకొండు మధ్య కురిక్యాల. ఎలా వెళ్ళినా జొహర్‌కు, భోజనానికి కరీంనగర్ చేరుకోండి. ఎండ తగ్గాక మూడున్నర, నాలుగింటికి వెనక్కి ఎల్గందల్. మగ్రిబ్ వేళకు కోట దిగి దో మినార్ దగ్గర ఉంటే, తాటిచెట్ల వెనక మానేరు నీళ్ళ మీద పొద్దు వాలడం కనబడుతుంది. ఊళ్ళో టీ హోటళ్ళు చిన్నవి, తినడానికి ఏమైనా కావాలంటే కరీంనగర్ నుంచే కట్టించుకుని తీసుకెళ్ళండి.